తిరగవాత లేని సారు

పెనుకొండలో మా వీధిలో అందరికంటే బాగా వండేది ఉలిగమ్మ. ఆమె వండింది వీధిలో ఎవరూ ముట్టరు. నేనొక్కదాన్ని తింటాను కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాను.

నాది బట్టలు కుట్టే పని. నా మిషను పెట్టుకున్న కిటికీకి ఎదురుగా వాళ్ళ వంటింటి కిటికీ. మధ్యలో సన్నటి సందు, సందులో కొళాయి. ఆ ఇంట్లో ఏది ఉడికినా నా ముక్కుకు తెలుస్తుంది, ఎవరు అరిచినా నా చెవికి తెలుస్తుంది. వినకూడదని కాదు, వినకుండా ఉండాలంటే నేను ఇల్లు మారాలి. కాబట్టి నేను చెప్పేదాంట్లో ఊహించి రాసింది తక్కువ.

ఉలిగమ్మది రొళ్ల దగ్గర పల్లె. అక్కడ సగం మాట తెలుగు, సగం కన్నడం. ఇంటిల్లిపాదీ పొద్దుగూకేదాకా చేలల్లో ఉండి వచ్చేవాళ్ళు. వచ్చీరాగానే పొయ్యి మీదకు ఎక్కేది ఉప్పుసారు. గుప్పెడు కందిపప్పు, చేనిగట్టున దొరికిన ఏదో ఒక ఆకు, నీళ్ళు, ఉప్పు. అంతే. ఉడికాక నీళ్ళు వంచి, అందులోకి మిరపకాయలు, తెల్లగడ్డ, చింతపండు కాల్చి నూరిన కారం కలుపుకుంటారు. పక్కన రాగి ముద్ద. నూనె చుక్క ఉండదు, ఆవగింజ ఉండదు. దానికి తిరగవాత పెట్టాలని వాళ్ళ ఊళ్ళో ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు. తాలింపు లేకపోవడమే ఆ సారుకు రుచి అంటుంది ఉలిగమ్మ. నేను తిన్నాను, నిజమే.

ఆమె కోడలుగా వచ్చిన ఇల్లు అట్లాంటిది కాదు. అత్త గంగులమ్మకు తిరగవాత అంటే ఇంటి దీపం ఎంతో అదీ అంతే. మా వైపు చాలా ఇళ్ళల్లో ఉన్న పద్ధతే ఇది. సావింట్లో కర్మలు అయ్యేదాకా తిరగవాత పెట్టరు. ఇరుగుపొరుగు వండి తెచ్చే పప్పు కూడా ఉత్తగా ఉడికించి ఉప్పు వేసిందే. అందుకని మామూలు రోజుల్లో ఆవాలు చిటపటమనకుండా ఏ గిన్నె దించినా అపశకునం. గంగులమ్మ మజ్జిగకు కూడా తిరగవాత పెట్టించేది. ఈ సంగతి కొత్తకోడలికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని కూడా ఎవరూ అనుకోలేదు.

పెళ్ళయిన కొత్తలోనే గంగులమ్మ ధర్మవరం పోయింది. అక్కడ ఆమె కూతురు భాగ్యశ్రీ, పట్టుచీరలు నేసే ఇంటి కోడలు, అప్పుడే బిడ్డను కన్నది. ఆ పొద్దు సాయంత్రం ఇంట్లో వండాల్సింది ఉలిగమ్మ ఒక్కతే. మామ మద్దిలేటికి పక్క వీధిలో పిండి మిషను ఉండేది. ఒళ్ళంతా తెల్లటి పిండితో, నీరసంగా వచ్చి కూర్చున్నాడు. ఆకలి మీద ఉన్నాడని ఈ పిల్ల బిరబిరా తనకు చేతనైంది చేసి పెట్టింది. మద్దిలేటి తిని, ఇంకో గరిటె పోయించుకుని, "ఏమ్మే, ఇంత రుచిగా ఉండాదే, యాడ నేర్చినావు?" అన్నాడు. ఆ ఇంట్లో ఆమె విన్న మొదటి మంచి మాట అదే. తర్వాత అట్లాంటిది ఇంకొకటి వినలేదు.

సరిగ్గా అప్పుడే గంగులమ్మ బస్సు దిగి వచ్చింది. కంచంలోకి చూసింది. గిన్నెలోకి చూసింది. గిన్నెను కాలితో తన్నింది.

"నా మొగుడు బతికుండంగానే సావింటి కూడు వండినావా లంజా!"

ఆ కేక వీధి ఆ చివరిదాకా వినపడింది. వినపడింది కాబట్టే కథ ఇంత దూరం వచ్చింది. నాలుగు గోడల మధ్య అయిపోయి ఉంటే రోజూ తిట్టే తిట్ల కింద పోయేది. వారం తిరగకుండానే మద్దిలేటి పిండి మిషను దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడు. లేపేసరికి ప్రాణం లేదు.

ఇక చెప్పేదేముంది? వీధి ఆడవాళ్ళందరికీ లెక్క కుదిరిపోయింది. ఆ రోజు నుంచి ఆమె సావుకూడు ఉలిగమ్మ. ఎదురింటి పార్వతమ్మ పెట్టిన పేరు అది. పార్వతమ్మకు ఊళ్ళో ఏ శుభకార్యమైనా తను లేకుండా పప్పు ఉడకదని నమ్మకం. పెళ్ళిళ్ళకు కూరగాయలు తరగడానికి వీధి మొత్తాన్ని పిలిచేది, ఉలిగమ్మను తప్ప. ఉలిగమ్మ చక్కెర పొంగలి చేసి పంపితే గిన్నె కడిగి తిరిగిచ్చేవాళ్ళు, పొంగలి మాత్రం మా ఇంటి వెనక కట్టేసే ఎనుము తినేది. నేను చూశాను. చూసి ఒళ్ళు మండి రెండుసార్లు పోట్లాడాను కూడా. నాతో మాట్లాడటం మానేశారు గానీ, పొంగలి తినలేదు.

ఆమె మొగుడు మల్లికార్జున నోట్లో నాలుక లేని మనిషి. అమ్మ ఎదురుగా అమ్మ మాట, భార్య ఎదురుగా మౌనం. చనిపోయిన తండ్రి పిండి మిషను అమ్మేసి కార్ల ఫ్యాక్టరీలో లోడింగు పనికి పోయాడు. ఉలిగమ్మ హిందూపురం దగ్గర గార్మెంట్సులో చేరింది. పొద్దున్నే పోతే కంపెనీ బస్సు దిగేసరికి దీపాలు పెట్టే వేళ. దిగిన మనిషి చెప్పులు విడిచి నేరుగా పొయ్యి దగ్గరికే. అప్పటికే గంగులమ్మ వసారాలో కంచం ముందు పెట్టుకుని చెవులు రిక్కించి ఉండేది.

అట్లా ఏళ్ళ తరబడి. ఉన్న రెండు మూడు వస్తువులతోనే పది నిమిషాల్లో ముగించడం ఉలిగమ్మకు చేతికి అలవాటైపోయింది. బొరుగులు నీళ్ళలో ముంచి పిండేలోపల ఉల్లిగడ్డ కోయడం అయిపోయేది, మీద పుట్నాలపొడి చల్లితే ఉగ్గాని. పొద్దుటి అన్నం ఉంటే చింతపండు రసం, పచ్చిమిరపకాయలు. ఏమీ లేకపోతే చెనిక్కాయలు వేయించి, టమోటా మగ్గబెట్టి, రోట్లో నూరితే ఊరిబిండి. దేనికైనా చివర్లో ఆవాలు చిటపటమనాలి. ఆ చప్పుడు వినపడకపోతే గంగులమ్మ కంచం ముట్టేది కాదు.

"తిరగవాత యాదీ? ఇంకెవుర్ని సంపుతావు?" అనేది. ప్రతి పొద్దూ అదే మాట. అన్నం పెట్టించుకుంటూ ఆ మాట అనే నోరు ఎట్లాంటి నోరో నాకు అర్థం కాదు.

ఉలిగమ్మ ఏడ్చే మనిషి కాదు. ఒకసారి మాత్రం ఏడ్చింది. కూతురు పవిత్ర పెద్దమనిషి అయినప్పుడు ఇంటి ముందు షామియానా వేశారు. రొద్దం నుంచి వంటవాళ్ళను పిలిపించారు. కూతురికి ఇష్టమని పాయసం తను చేద్దామని ఉలిగమ్మ పొయ్యి దగ్గరికి పోతే పార్వతమ్మ అడ్డం నిలబడింది. "నువ్వు ఈడికి రావద్దులేమ్మే. నలుగురూ తినాల కదా," అంది. గంగులమ్మ పక్కనే ఉంది, నవ్వింది. మల్లికార్జున కుర్చీలు సర్దుతూ ఉన్నాడు. కొత్త పట్టులంగాలో కూర్చున్న పవిత్ర అంతా విని తల దించుకుంది. తల్లికి జరిగిన దానికి కాదు, అట్లాంటి తల్లి ఉన్నందుకు. అది ఉలిగమ్మ చూసింది. సందులోకి వచ్చి కొళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

"అక్కా, ఆ ముసిల్దాని నోటితోనే చెప్పిస్తా. నా సారుకు ఆయప్ప సావలేదని చెప్పిస్తా. నా బిడ్డ వినాల," అంది. ఆ తర్వాత ఆమెకు వేరే కోరిక ఉన్నట్టు నాకు కనపడలేదు.

రెండేళ్ళకు ఆ అవకాశం దానంతటదే ఇంట్లోకి నడిచి వచ్చింది. గంగులమ్మకు కాళ్ళు ఉబ్బాయి, ఆయాసం మొదలైంది. హిందూపురంలో డాక్టరుకు చూపించి తెచ్చాడు మల్లికార్జున. గుండె బలహీనపడింది, నూనె, ఉప్పు బాగా తగ్గించి ఉడికించింది పెట్టమన్నాడని భార్యకు చెప్పాడు. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడట. ఇంక ఎక్కువ కాలం లేదు, మనసైంది కొద్దిగా పెట్టినా పరవాలేదు అని. ఆ మాట మల్లికార్జున ఎవరికీ చెప్పలేదు. అంతా అయిపోయాక ఒకరోజు తాగి మా ఆయన దగ్గర అన్నాడు. ఆ పూట నేను ఇంట్లో లేను, ఉండి ఉంటే చీపురు తీసుకునేదాన్ని.

గంగులమ్మ మంచం పట్టింది. మొదటి సాయంత్రం ఉలిగమ్మ ఏం వండిందో నేను వాసనను బట్టే చెప్పగలిగాను. ఇన్నేళ్ళ తర్వాత ఆ వంటింట్లో మళ్ళీ ఉప్పుసారు ఉడికింది. ఉప్పు తగ్గించి, కారం లేకుండా, మెత్తటి సంగటితో.

"ఇదేందే?" అంది గంగులమ్మ.

"డాక్టరు చెప్పిన కూడు."

"సావింటి కూడు పెడ్తాండావా నాకు?"

"డాక్టరు చెప్పిన కూడు అత్తా," అంది ఉలిగమ్మ మళ్ళీ, అంతే మెల్లగా.

ఇక రోజూ అదే. ఆకు మారేది, అంతే. మిగతా ముగ్గురికీ మాత్రం వేరే వండేది. ముసలామె మంచానికి అవతల గుమ్మం పక్కనే స్టవ్వు జరుపుకుని, నూనె బాగా కాగనిచ్చి, ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు, తెల్లగడ్డ వేసేది. చర్రుమనేది. ఆ ఘాటు నా మిషను దాకా వచ్చి తుమ్ములు తెప్పించేది. గంగులమ్మ తల తిప్పి గుమ్మం వైపే చూస్తూ, ఎదురుగా చల్లారే సారును కలుపుతూ కూర్చునేది. ఇన్నేళ్ళూ ఉలిగమ్మ పక్షాన పోట్లాడిన నేను ఆ రోజుల్లో ఆమె ముఖం చూడలేకపోయాను. అడిగితే, "నేనేం కొట్టినానా, తిట్టినానా? కూడు పెడ్తాండా కదక్కా," అంది. కొట్టి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

"ఒక్క ఆవగింజ చిటుక్కుమనిపించి ఎయ్యవే," అని ముసలామె బతిమాలడం మొదలుపెట్టింది.

"ఒక మాట చెప్పు, ఏస్తా. పార్వతమ్మను పిలుస్తా, ఆయమ్మ ముందర చెప్పు. నీ కొడుకు ముందర, పవిత్ర ముందర చెప్పు."

గంగులమ్మకు ఏ మాటో తెలుసు. పళ్ళు బిగించి గోడ వైపు తిరిగేది. ఇద్దరూ ఇద్దరే. ఒకామె తిరగవాత లేకుండా చావడానికి సిద్ధం, ఇంకొకామె చావనివ్వడానికి సిద్ధం. నడుమ పవిత్ర పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని అన్నం తినేది.

ఆ ఆదివారం ధర్మవరం నుంచి భాగ్యశ్రీ వచ్చింది. బత్తాయిలు తెచ్చింది. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నన్ను నీతో తీస్కపోమ్మే. ఈడ నాకు దినామూ సావుకూడే."

"డాక్టరు చెప్పినట్ల పెడ్తాంది కదమ్మా ఒదిన. మా ఇంట్లో యాడుండాది జాగా? మగ్గాలు పెట్టినాము, కాలు పెట్టేకి లేదు."

గంగులమ్మ చెయ్యి వదిలేసింది. చాలాసేపు ఇంటి పైకప్పు చూసింది. తర్వాత, "ఉలిగా, పార్వతమ్మను పిలువు," అంది.

ఉలిగమ్మ వంటింటి కిటికీలోంచి నన్ను కూడా పిలిచింది. నేను పోయేసరికి పార్వతమ్మ గడపలో నిలబడి ఉంది. మల్లికార్జున, పవిత్ర, భాగ్యశ్రీ మంచం చుట్టూ ఉన్నారు. గంగులమ్మ దిండుకు ఆనుకుని, ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ చెప్పింది.

"ఆయప్ప దీని సారుకు సావలేదు. ఆ పొద్దు నేను ధర్మవరం బస్సెక్కేటప్పుడే చెప్పినాడు, గుండెకాడ పట్టేస్తాండాదే అని. గాలి పట్టింటాదిలే, వాము నీళ్ళు తాగి పండుకో అంటి. మనవడ్ని చూడాలని నాకు తొందర. వచ్చినాంక మళ్ళా చెప్పినాడు. మళ్ళా వాము నీళ్ళే ఇస్తి. దవాఖానకు తీస్కపోలేదు. ఆ తప్పు నాది. దీని నెత్తిన ఏస్తి."

భాగ్యశ్రీ ముఖంలో రక్తం లేదు. ఆ మనవడు ఆమె బిడ్డే కదా. పార్వతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉలిగమ్మ ఒక్కసారి పవిత్ర వైపు చూసింది, విన్నావా అన్నట్టు. పవిత్ర తల ఊపింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దేవుడు కళ్ళు తెరిచాడనుకున్నాను, నా బుద్ధి తక్కువ.

"ఇంక పెట్టు," అంది గంగులమ్మ.

ఎప్పుడూ పది నిమిషాల్లో ముగించే ఉలిగమ్మ ఆ పూట చాలాసేపు వండింది. అదే కందిపప్పు, అదే తోటకూర, అదే సారు. చిన్న గరిటెలో ఒక చెంచా నూనె, అంతకు మించి లేదు, నా కళ్ళతో చూశాను. ఆవాలు ఒక్కొక్కటీ పగిలేదాకా ఆగింది. తెల్లగడ్డ ఎర్రబడనిచ్చింది. గరిటెను అట్లాగే మంచం దగ్గరికి తెచ్చి, అత్త కళ్ళ ముందే సారులో ముంచింది. చర్రుమంది. గంగులమ్మ కళ్ళు మూసుకుని నవ్వింది. ఉలిగమ్మ ముద్దలు చేసి తినిపించింది. ముసలామె మొత్తం తిని, ఇంకో గరిటె పోయించుకుంది.

"బాగుండాదే," అంది.

మామ అడిగినట్టే ఇంకో గరిటె అడిగిందని ఉలిగమ్మ ఆ సాయంత్రం సందులో నాతో రెండుసార్లు చెప్పింది. ఆమె నవ్వితే పైపళ్ళ మధ్య సందు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

తెల్లారి కాఫీ ఇవ్వబోతే గంగులమ్మ లేవలేదు. నిద్రలోనే పోయింది. ఎక్కువ కాలం లేదని డాక్టరు చెప్పిందే జరిగింది. కానీ ఆ మాట తెలిసినవాడు మల్లికార్జున ఒక్కడే, అతను గోడకు ఆనుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట చాలు. డాక్టరు ముందే చెప్పినాడప్పా అంటే చాలు. అనలేదు.

మధ్యాహ్నానికి పార్వతమ్మ ఉత్తపప్పు, అన్నం వండి తెచ్చింది. గిన్నె లోపల పెట్టి, చేతులు కడుక్కోవడానికి సందులో కొళాయి దగ్గరికి వచ్చింది. అక్కడ నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. భాగ్యశ్రీ కూడా ఉంది, కళ్ళు తుడుచుకుంటూ.

"మామను తిరగవాత లేకుండా సంపె, అత్తను తిరగవాత పెట్టి సంపె," అంది పార్వతమ్మ.

నేను కత్తెర చేతిలో ఉండగానే బయటికి వచ్చాను. "నిన్న సందకాడ నీ చెవుల్తో వింటివి కదమ్మా! ఆయమ్మ నోటితోనే చెప్పె కదా!"

"వింటిలేమ్మా. కూటికి అంగలార్చే ముసిల్ది ఏమన్నా చెప్తాది. దినామూ కడుపు మాడ్చి, ఆశపెట్టి చెప్పించుకునె. డాక్టరు వద్దన్న నూనె పెట్టె."

నేను భాగ్యశ్రీ వైపు తిరిగాను. ఆమె నా కళ్ళల్లోకి చూడలేదు. "మా యమ్మకు మతి స్తిమితం లేదులేక్కా ఈ మధ్య," అంది. తల్లి తనను చూడటానికి వచ్చి తండ్రిని వదిలేసిందనే మాట మోయడం కంటే, వదిన చంపిందనే మాట ఆమెకు తేలిక. నాకు ఆ క్షణంలో అర్థమైంది. అర్థమై చేసేదేముంది? నోరు నొప్పి పుట్టేదాకా తిట్టి వచ్చి మిషను మీద కూర్చున్నాను. కిటికీ అవతల ఉలిగమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది.

కర్మలు అయ్యేదాకా ఆ ఇంట్లో పొయ్యి మీద ఆవాలు పడలేదు. అన్నీ ముగిసి, చుట్టాలు పోయి, ఇల్లు కడిగిన రోజు ఉలిగమ్మ పనికి పోయింది. దీపాలు పెట్టే వేళకు బస్సు దిగి వచ్చి, చెప్పులు విడిచి, వంటింట్లోకి నడిచింది. అక్కడ పవిత్ర ఉంది. బొరుగులు అప్పటికే నానేసి పిండి పెట్టింది, ఉల్లిగడ్డలు కోసి పెట్టింది. అచ్చం తల్లి చేసినట్టే చకచకా.

"నువ్వు పొయ్యి ముట్టద్దు మా. ఇంకమీద నేనే వండుతా."

"ఏమ్మే? అలసిపోతావు. బడి నుంచి వచ్చిందానివి."

పవిత్ర వెనక్కి తిరగలేదు. "నాయనకు భయమైతాందంట," అంది. బొరుగులు ఇంకోసారి పిండుతూ, "నాకూ భయమే మా," అంది.

ఉలిగమ్మ బయటికి వచ్చి, వసారాలో అత్త కూర్చునే చోట కూర్చుంది. లోపల నూనె కాగింది, ఆవాలు చిటపటమన్నాయి. పవిత్ర కంచం తెచ్చి ఆమె ముందు పెట్టింది.